వెస్ట్‌ఫొన్‌కి ఎన్ని గురువారాలు?

లిస్బన్‌లో జర్మన్లకి కబుర్లు మోసే ఆ మనిషిని ట్రామ్ కిందకి తోసింది ఎవరన్నది ఇంతవరకూ తేలలేదు. జర్మన్లే అని నార్వేవాళ్లు అన్నారు, నార్వేవాళ్లే అని జర్మన్లు అన్నారు, కాలు జారిందని పోర్చుగీసు పోలీసులు రాసుకున్నారు. చచ్చినవాడి టోపీ అంచులో కుట్టి ఉన్న మూడు కాగితం ముక్కలు మాత్రం పదకొండు రోజుల్లో న్యూయార్క్ చేరి, మేజర్ బెర్నర్ బల్ల మీద పడ్డాయి. 1943 మార్చి. బయట మంచు. గదిలో హీటర్ పనిచెయ్యడం లేదు.

మేజర్ బెర్నర్ నార్వే ప్రవాస ప్రభుత్వపు గూఢచారి శాఖకి అమెరికాలో పెద్ద. ఆయన ఎదురుగా నిలబడినవాడు లెఫ్టినెంట్ ఐవిన్ రోస్టాడ్. ఇరవై తొమ్మిదేళ్లు. ద్రామ్మెన్ ఊళ్లో జడ్జిగారి అబ్బాయి. పారాచూట్‌తో దూకడం, తాళాలు తియ్యడం, చప్పుడు లేకుండా మనిషిని పడగొట్టడం నేర్చుకుని, తనని నార్వే కొండల్లో ఎప్పుడు దింపుతారా అని ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాడు.

"చదువు," అన్నాడు మేజర్.

"వెస్ట్‌ఫొన్. గురువారాలు రెండు." రెండో కాగితం మీదా అదే. మూడోది: "వెస్ట్‌ఫొన్. గురువారాలు మూడు."

"వెస్ట్‌ఫొన్ మన ట్యాంకర్. విమానాల పెట్రోలు మోస్తుంది. మూడుసార్లు కెనడాలో హాలిఫాక్స్ నుంచి, ఓడలన్నీ గుంపుగా పోయే కాన్వాయ్‌లో అట్లాంటిక్ దాటింది. మూడుసార్లూ ఆ కాన్వాయ్ దారిలో జర్మన్ సబ్‌మెరీన్లు ముందే వచ్చి కూర్చున్నాయి. ఇరవై మూడు ఓడలు పోయాయి. వెస్ట్‌ఫొన్‌కి గీత కూడా పడలేదు."

"గురువారాలంటే ఏమిటి సార్?"

"రహస్య లిపులు విప్పే సైఫర్ సెక్షన్ తేల్చింది. గురువారం అన్నది ముఠా పేరు. రెండు, మూడు ఏజెంట్ల నంబర్లు."

"మరి ఒకటో నంబరు?"

"వాడే నాయకుడు. ఆ ఓడలోనే ఉన్నాడు. కాన్వాయ్ బయల్దేరేలోపల పట్టుకోవాలి." మేజర్ గొంతు తగ్గించాడు. "ఈసారీ దెబ్బ తగిలిందంటే బ్రిటిష్ నేవీ మనవాళ్లని ముప్పై ఎనిమిది మందినీ దింపేసి ముళ్లకంచె వెనక కూర్చోబెడుతుంది. ఓడ మీద జెండా దించేస్తుంది."

దేశం జర్మన్ల చేతికి పోయి మూడేళ్లయింది. మిగిలిన నార్వే అంటే సముద్రం మీద తిరుగుతున్న ఆ ఓడలే.

"నా వేషం?"

"మెస్‌మన్. భోజనాలు వడ్డించి గిన్నెలు కడుగుతావు."

ఎనిమిది నెలల శిక్షణ ఐవిన్ కళ్ల ముందు గిర్రున తిరిగింది.

లండన్ లాబరేటరీ వాళ్లు సామాను బాగానే ఇచ్చారు. లోపల కెమెరా ఉన్న సిగరెట్ లైటర్. ఒక్క గుండు పేల్చే పెన్ను. మడమలో కత్తి దాచిన బూట్లు. ఒక మీసం. ఇన్ని ఇచ్చినవాళ్లకి, పంపుతున్నది పన్నెండు వేల టన్నుల పెట్రోలు ఉన్న ఓడ మీదికన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వెస్ట్‌ఫొన్ నిచ్చెన పైమెట్టు దగ్గర, కెప్టెన్ తరవాతివాడైన చీఫ్ మేట్ గోనెసంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లైటర్," అన్నాడు.

"ఇది మా నాన్న ఇచ్చిన—"

"లివర్‌పూల్‌లో తిరిగిస్తాం. ఆ పెన్నేమిటి, అంత బరువుంది? ఇనుమా? సంచిలో పడెయ్. బూట్లకి మేకులున్నాయి. విప్పు."

"బూట్లు కూడానా?"

"డెక్ మీద ఒక్క నిప్పురవ్వ లేచిందంటే, బూట్లే కాదు, కాళ్లూ దొరకవు బాబూ."

అలా లెఫ్టినెంట్ ఐవిన్ రోస్టాడ్ శత్రుముఠా స్థావరంలో మేజోళ్లతో అడుగుపెట్టాడు. మీసం ఒక్కటే మిగిలింది.

ప్యాంట్రీలో స్టీవార్డ్ ఓలుఫ్ బ్రెక్కె అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఓడలో తిండి లెక్కంతా ఆయనది. అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా అదే పని.

"చేతులు చూపించు. ఈ చేతులు ఎప్పుడైనా గిన్నె కడిగాయా?"

"నేర్చుకుంటానండీ."

"నేర్చుకుంటావు. ముందు అది చదువు." గోడ మీద అద్దం బిగించిన పట్టిక చూపించాడు. నార్వే ఓడల్లో ఏ వారం ఏం పెట్టాలో చట్టం. సోమవారం చేప, గురువారం బఠాణీ సూపు, ఉప్పు పంది మాంసం, శనివారం పాలజావ. "రాజుగారు లండన్‌లో ఉండొచ్చు. ఈ పట్టిక మాత్రం ఇక్కడే ఉంది. ఇందులో అక్షరం తప్పితే నావాళ్లు నన్ను సముద్రంలోకి తోసేస్తారు, తొయ్యాలి కూడా."

పాత రబ్బరు బూట్లు ఒక జత పడేశాడు. అతని చేతులు చలికి కొంకర్లు పోతుండడం చూసి, సొరుగులోంచి బూడిదరంగు ఉన్ని తొడుగులు తీశాడు.

"మా ఆవిడ అల్లింది. మా అబ్బాయి స్వెర్రెకని."

"మరి ఆయనకి?"

"మొన్న జనవరి కాన్వాయ్‌లో మా పక్క వరుస ట్యాంకర్‌లో మోటార్‌మన్ వాడు. ఇక్కడినుంచే చూశాను, మండడం." ఓలుఫ్ సొరుగు మూసేశాడు. "వేసుకో. ఊరికే పడున్నాయి."

మొదటి గురువారమే మీసం కూడా పోయింది. సూపు డేగిశా మీద వంగితే ఆవిరికి జిగురు కరిగి జారిపడింది. ఇంజన్‌రూమ్ ఆయిలర్ ఒకడు దాన్ని చెంచాతో పైకెత్తి, "స్టీవార్డ్ గారూ, పట్టికలో ఎలుక ఏ వారం?" అని అడిగాడు. మెస్ అంతా పడీ పడీ నవ్వింది. ఐవిన్ గిన్నెలు తీసుకుని వెళ్లిపోయాడు.

హాలిఫాక్స్ చేరాక ఓడలన్నీ బెడ్‌ఫర్డ్ బేసిన్‌లో లంగరు వేసి కాన్వాయ్ కోసం కాచుకుని ఉన్నాయి. ఉన్నది ఎనిమిది రోజులు. ఐవిన్ పాఠాల్లో చెప్పినట్టే చేశాడు. ఒక్కొక్క మనిషి దగ్గరికీ వెళ్లడం, కాఫీ పొయ్యడం, గొంతు తగ్గించి "గురువారం" అనడం, కళ్లలోకి చూడడం. తప్పు చేసినవాడి కళ్లు అల్లాడతాయి. అది శాస్త్రం.

"బఠాణీ సూపు," అన్నాడు డెక్ మేస్త్రీ బోసన్.

"బఠాణీ సూపు. ఎందుకు, మార్చేశారా ఏమిటి?" అన్నాడు పంప్‌మన్, ఆదుర్దాగా.

"సూపు. కిందటిసారి మాంసం చాల్లేదు. నీదే తప్పు," అన్నాడు వడ్రంగి.

మూడు రోజుల్లో ముప్పై ఆరుమంది. ముప్పై ఆరు సూపులు. ఐవిన్ రాత్రి రిపోర్టులో రాసుకున్నాడు: సిబ్బంది అందరికీ ఒకే జవాబు నూరిపోసి ఉన్నారు. ముఠా మనం అనుకున్నదానికన్నా పెద్దది.

కెప్టెన్ హల్వర్ తాంగెన్‌ని అడగడానికి మెస్‌మన్‌కి అర్హత లేదు. ఆయన పొడుగాటి మనిషి, మాట పొదుపు, ఏనాడూ ఓడ దిగి ఎక్కడా కూర్చోడు. నేవీ వాళ్లు తన ఓడని అనుమానిస్తున్నారని ఆయనకి తెలుసు. ఎందుకో మాత్రం తెలీదు. రోజూ పొద్దున, ఓడ నడిపే చోటైన బ్రిడ్జి మీద అటూ ఇటూ నడుస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకునేవాడు. ఎవరికి చెప్పాను, ఎవరికి చెప్పాను అని తన నోటినే తను గాలిస్తున్నాడని ఐవిన్‌కి తరవాత తెలిసింది.

గురువారం అన్న మాటకి ఒక్కరే ఒక్క క్షణం ఆగారు. రేడియో ఆపరేటర్ మోర్నా కెల్సో. కెనడా అమ్మాయి. కాలిన నూనె కంపుకొట్టే ఆ ఓడలో ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లటి స్కార్ఫ్. ఆమె మెస్‌లోకి వస్తే నలుగురైదుగురు నిలబడేవాళ్లు, ఎందుకు నిలబడ్డారో తెలీక మళ్లీ కూర్చునేవాళ్లు.

"గురువారమా?" అంది కప్పు పెదవి దగ్గర ఆపి. "ఎందుకడుగుతున్నారు?"

ఐవిన్ ఆమె కేబిన్ నంబరు గుర్తుపెట్టుకున్నాడు. దొరికింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కేబిన్ వెతికాడు. లిప్‌స్టిక్ గొట్టం అడుగున చుట్టిపెట్టిన సన్నటి కాగితం. దాని మీద లిస్బన్ అడ్రసు. చచ్చినవాడి అడ్రసు.

"చేతులు పైకెత్తండి," అంది వెనకనుంచి మోర్నా. ఆమె చేతిలో చిన్న పిస్తోలు. చీఫ్ మేట్ ఆడవాళ్ల బూట్లు విప్పించడు కాబోలు.

ఐవిన్ చేతులు ఎత్తలేదు. ఎనిమిది రోజుల విసుగంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "కాల్చండి. కింద పన్నెండు వేల టన్నుల పెట్రోలు. ఇద్దరం కలిసే పోదాం, చుట్టుపక్కల నలభై ఓడలతో సహా."

మోర్నా పిస్తోలు వంక చూసింది. కిటికీలోంచి కనపడే పెట్రోలు పైపుల వంక చూసింది. పిస్తోలు మంచం మీద పడేసి కుర్చీలో కూలబడింది.

"ఈ దరిద్రపు ఓడ," అంది. "మీరెవరి మనిషి?"

"మీరు చెప్పండి ముందు."

"న్యూయార్క్‌లో ఇటుకల బిల్డింగు. రెండో అంతస్తు."

"మూడో అంతస్తు," అన్నాడు ఐవిన్.

ఇద్దరూ ఒకే మెట్లు ఎక్కారు, ఒకే లిఫ్టు పాడైతే ఒకేసారి తిట్టుకున్నారు. రెండో అంతస్తు బ్రిటిష్ నేవీది. మోర్నాని ఓడెక్కించిన సంగతి మూడో అంతస్తుకి చెప్పలేదు. మూడో అంతస్తు కాగితం ముక్కల సంగతి రెండో అంతస్తుకి చెప్పలేదు. మెస్‌మన్ అవతారంలో దొంగ కాగితాలతో ఎక్కిన ఐవినే జర్మన్ ఏజెంట్ అని ఆమె వారం రోజులుగా అతని వెనకే తిరిగింది. వారం రోజులు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలంటే ఒళ్లు మండింది.

"జర్మన్ల మనిషి ఎవరో నాకు తెలుసు," అంది మోర్నా. "సెవెరిన్ ఫ్లాతెన్."

"సెవెరిన్ బాబాయా?"

హాలిఫాక్స్‌లో నార్వే ఓడలన్నిటికీ సరుకులు వేసే వ్యాపారి ఆయన. నావికులందరికీ బాబాయే. ఆదివారం నావికుల చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఎక్కడ సంపాదిస్తాడో, ఊరి జున్ను తెచ్చి ముక్క ముక్క పంచుతాడు.

"నార్వేలో, బెర్గెన్‌లో ఆయన గోడౌన్లని జర్మన్లు మూడేళ్లుగా ముట్టుకోలేదు. దానికి ప్రతిఫలం ఇది. నన్ను తన మనిషిననే అనుకుంటున్నాడు, లిస్బన్ ఉత్తరాలు నా చేతే పంపుతాడు. నేను వాటిని విప్పించి నేవీకి చూపిస్తాను. ఓడలు కదిలే రోజు మాత్రం లిస్బన్‌కి సరుకుల తంతి ఒకటి సొంతంగా కొడతాడు. పట్టుకోవడం ఎంతసేపు? కానీ కాన్వాయ్ ఉత్తరం దారిలో పోతుందో, దక్షిణం దారిలో పోతుందో ఆయనకెలా తెలుస్తోంది? నేను చెప్పలేదు. నాకే తెలీదు. ఓడలో ఒక్క కెప్టెన్‌కే తెలుస్తుంది, అదీ బయల్దేరే రోజు పొద్దున."

"అయితే కెప్టెనే ఒకటో నంబరు."

"ఏం నంబరు?" అంది మోర్నా. అతను చెప్పాడు. ఆమె తల పట్టుకుంది. "మీ మూడో అంతస్తులో ఏం తాగుతారు?"

శనివారం పొద్దున కెప్టెన్లందరినీ ఒడ్డున నేవీ ఆఫీసుకి పిలిచి, దారి చెప్పి, సీలు వేసిన కవర్లు ఇచ్చారు. మధ్యాహ్నం రెండుకి బయల్దేరడం. కెప్టెన్ తాంగెన్‌ని పొద్దుటినుంచీ మోర్నా మనుషులు వదల్లేదు. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. సిగరెట్ కూడా ముట్టించలేదు. నేవీ లాంచిలో ఎక్కి, కవరు కోటు లోపల పెట్టుకుని, తిన్నగా ఓడకి వచ్చాడు. పదకొండున్నరకి నిచ్చెన ఎక్కాడు.

ఐవిన్ చెత్తబకెట్టు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఒళ్లంతా చెవులు చేసుకుని.

స్టీవార్డ్ ఓలుఫ్ నోట్‌బుక్కుతో ఎదురెళ్లాడు. "కెప్టెన్ గారూ, సెవెరిన్ బోటు వచ్చి ఉంది. ఎన్ని గురువారాలండీ?"

"రెండు," అన్నాడు కెప్టెన్, నడుస్తూనే.

బకెట్టు ఐవిన్ చేతిలోంచి జారి డెక్ మీద దొర్లింది. బంగాళాదుంప తొక్కలు కెప్టెన్ బూట్ల మీద పడ్డాయి. ఆయన ఒక్క చూపు చూసి, తొక్కలు దులుపుకుని బ్రిడ్జి మీదికి వెళ్లిపోయాడు.

బఠాణీ సూపు. ముప్పై ఆరుమంది చెప్పారు. ముప్పై ఆరుమంది నిజమే చెప్పారు.

"స్టీవార్డ్ గారూ," అన్నాడు ఐవిన్. "ఎన్ని గురువారాలని ఎందుకడిగారు?"

"ఇంకేం అడగాలి? ఎన్ని గురువారాలు సముద్రం మీదుంటామో అన్ని పీపాల మాంసం, అన్ని బస్తాల బఠాణీ. మిగిలితే పురుగు పడుతుంది, తగ్గితే గొడవ. ఇంగ్లీషువాళ్లలా ఆర్నెల్ల సరుకు ఒక్కసారే కుక్కుకుని, పాచి మాంసం తినే మనుషులం కాదు మేము." ఓలుఫ్ నోట్‌బుక్కు మూశాడు. "తొక్కలు ఎత్తు."

"ప్రతిసారీ అడుగుతారా?"

"ముప్పై ఏళ్లనుంచి అడుగుతున్నా."

శనివారం బయల్దేరితే ఉత్తరం దారిలో రెండు గురువారాలు. దక్షిణంగా చుట్టుతిరిగి పోతే మూడు. కెప్టెన్ దారి సంగతి ఎవరికీ చెప్పలేదు. సూపు సంగతి చెప్పాడు. అంతే చాలు. ఓడల రాకపోకలు చంటప్పటినుంచీ ఎరిగిన సెవెరిన్ ఫ్లాతెన్‌కి అంతకన్నా ఏం కావాలి.

ఓలుఫ్ అప్పటికే రెయిలింగు దగ్గరికి పోతున్నాడు. కింద బోటు ఊగుతోంది. రొట్టెలు, చేపలు ఎక్కించడం అయిపోయింది. ఎర్రటి బుగ్గలతో సెవెరిన్ బాబాయ్ పైకి చూసి టోపీ ఎత్తాడు. పెన్సిలు చెవి మీంచి తీశాడు.

"ఓలుఫ్ అన్నా, ఎన్ని?"

"రెండు!"

సెవెరిన్ రాసుకున్నాడు. రెండు పీపాలు పైకెత్తించి, తాడు విప్పమని బోటువాడికి సైగ చేశాడు.

పట్టుకోవడమా? పట్టుకుంటే లిస్బన్‌కి కబురు అందదు, అందకపోతే జర్మన్లు రెండు దార్లూ కాస్తారు. వదిలెయ్యడమా? వదిలేస్తే గంటలో తంతి పోతుంది, నలభై ఒక్క ఓడలు నేరుగా వాళ్ల నోట్లోకి పోతాయి. ఉన్న దారి ఒక్కటే. లండన్ లాబరేటరీ వాళ్ల సామాను ఏదీ దానికి పనికిరాదు.

ఐవిన్ పరిగెత్తి రెయిలింగు మీద వాలాడు.

"మూడు! బాబాయ్, గురువారాలు మూడు! కెప్టెన్ గారు తప్పు చెప్పారు!"

తాడు విప్పుతున్న చెయ్యి ఆగింది. ఓలుఫ్ నెమ్మదిగా అతని వైపు తిరిగాడు.

"ఏమన్నావ్?"

"మూడండీ. మీరు వెళ్లాక దిద్దారు."

"నా పక్కనుంచే కదా నువ్వు పరిగెత్తింది. ఎప్పుడు దిద్దారు? నాకేం చెవుడు రాలేదు. రెండన్నారు." కిందకి వంగి, "రెండే, సెవెరిన్. వీడు కొత్త. వీడి మాట పట్టించుకోకు," అన్నాడు.

"మూడు, స్టీవార్డ్ గారూ. ఒట్టు."

"ముప్పై ఏళ్లలో కెప్టెన్ గారు ఒక్క గురువారం కూడా దిద్దుకోలేదురా. మీసం ఊడినప్పుడే అనుకున్నా, నీ బుర్ర తిన్నగా లేదని."

ముసలాయన నిజాయితీని చూస్తే ఐవిన్‌కి ఏడుపొచ్చింది. ఆయన నోరు నొక్కేద్దామా అనిపించింది. ఒంటిచేత్తో నొక్కడం వచ్చు కూడా. కింద సెవెరిన్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం చిన్నవయ్యాయి. రెండూ మూడూ అని ఎందుకింత రభస? అతని చూపు డెక్ మీద ఒక్కొక్కరినీ తడుముతోంది.

"ఏమిటి గొడవ?" మోర్నా వచ్చి రెయిలింగు మీద మోచేతులు ఆనించింది. లిప్‌స్టిక్ అప్పుడే వేసుకున్నట్టుంది. ఐవిన్ ఆమె వంక చూశాడు. నోరు మెదపకుండా మూడు వేళ్లు తొడుగులోనే చాపాడు. ఆమె ఆవులించింది. "మిస్టర్ ఫ్లాతెన్, నాకు పళ్లపొడి కావాలి. మూడు గురువారాలకి సరిపడా. వెచ్చటి వైపు పోతున్నాం కదా, మంచి వాసన ఉన్నదే ఇవ్వండి."

సెవెరిన్ ఆమెని చూశాడు. ఆమె అతని మనిషి. నమ్మడానికి అతనికి సగం మనసు వచ్చింది. మిగిలిన సగంతో తలెత్తి బ్రిడ్జి వైపు చూశాడు.

గొడవ విని కెప్టెన్ తాంగెన్ బ్రిడ్జి అంచుకి వచ్చి నిలబడి ఉన్నాడు.

"కెప్టెన్ గారూ," కేక వేశాడు సెవెరిన్, మర్యాదగా టోపీ ఎత్తి. "పనికిమాలిన సంగతే, క్షమించాలి. గురువారాలు రెండా, మూడా?"

కెప్టెన్‌కి ఎవరూ ఏమీ చెప్పలేదు. అబద్ధం ఆడే అలవాటు లేదు. ఐవిన్ తలెత్తి ఆయన్నే చూశాడు. మెస్‌మన్ కెప్టెన్ ముఖంలోకి అలా చూడకూడదు. చూశాడు.

కెప్టెన్ చూపు ఐవిన్ మీద ఆగింది. మోర్నా మీదికి పోయింది. బోటు మీదికి, పెన్సిలు మీదికి దిగింది. ఓలుఫ్ చేతిలో నోట్‌బుక్కు దగ్గర నిలిచిపోయింది. రోజూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న లెక్క ఎక్కడో వచ్చి కలిసినట్టుంది. ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు.

"రెండన్నానా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "మూడు. ముసలివాణ్ణయిపోయాను, సెవెరిన్. మూడు రాసుకో."

"అలాగేనండీ." సెవెరిన్ రెండు కొట్టేసి మూడు రాసుకుని, ఇంకో పీపా పైకెత్తించాడు.

ఓలుఫ్ ఐవిన్ వంక చూశాడు. ఆ చూపులో ఉన్న అవమానం ఐవిన్ మర్చిపోలేదు. "దిద్దారన్నమాట," అని గొణిగి లోపలికి పోయాడు.

తంతి ఒంటిగంటన్నరకి లిస్బన్‌కి పోయింది. పోనిచ్చారు. రెండుకి ఓడలు కదిలాయి. రెండూ పదికి సెవెరిన్ ఫ్లాతెన్‌ని హార్మోనియం దగ్గర పట్టుకున్నారు. రేపటి కీర్తన సాధన చేసుకుంటున్నాడట.

మర్నాడు ఐవిన్ కాఫీ ట్రే తీసుకుని కెప్టెన్ గదికి వెళ్లాడు. ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. "కూర్చో, లెఫ్టినెంట్," అన్నాడు. ఎప్పటినుంచి తెలుసో చెప్పలేదు.

"నోరు విప్పలేదనుకున్నాను. పెళ్లానికి ఉత్తరం రాయడం కూడా మానేశాను, మాట జారుతుందని." కప్పు ముట్టుకోలేదు. "మూడుసార్లు నేనే చెప్పాను. ఇరవై మూడు ఓడలు. జనవరిలో చెప్పింది కూడా రెండే."

స్వెర్రె పోయింది ఆ కాన్వాయ్‌లోనే. ఐవిన్ తన చేతుల్ని చూసుకున్నాడు. బూడిదరంగు తొడుగులు.

"రిపోర్టులో నా పేరు రాయి," అన్నాడు కెప్టెన్. "అడిగినవాడి పేరు రాయొద్దు. ఓలుఫ్‌కి ఎప్పటికీ తెలియకూడదు. నేను మోస్తాను. ఆయన మొయ్యలేడు."

"మీ పేరు రాస్తే ఓడ లాగేసుకుంటారు సార్."

"లాక్కోనీ."

ఐవిన్ రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు. ఎనిమిది నెలలు నేర్చుకున్న విద్యలో ఇది లేదు, చేసింది తప్పో ఒప్పో చెప్పే పైవాడూ లేడు. ఒక్క సంగతి తెలుసు. జర్మన్ సబ్‌మెరీన్లు దక్షిణాన ఎండలో కాచుకుని ఉంటే, వీళ్లు ఉత్తరాన మంచుగడ్డల పక్కనుంచి, వణుక్కుంటూ, పదిహేను రోజుల్లో దాటేశారు. నలభై ఒక్క ఓడలు బయల్దేరాయి. నలభై ఒక్కటీ లివర్‌పూల్ చేరాయి.

మూడో గురువారం లివర్‌పూల్ డాక్‌లో వచ్చింది. ఒడ్డున దొరికే తాజా మాంసం వదిలేసి, మిగిలిపోయిన పీపా పగలగొట్టాడు ఓలుఫ్.

"నీవల్ల," అన్నాడు, ప్లేటు ఐవిన్ ముందు విసిరినట్టు పెడుతూ. "కెప్టెన్ గారి మనసులో ఏం మార్చావో నాకు తెలీదు. రెండే అయ్యాయా లేదా? నేను విన్నది నిజమా కాదా?"

"నిజమేనండీ. మీరు సరిగ్గానే విన్నారు."

"మరి?"

ఐవిన్‌కి చెప్పాలనిపించింది. మీరు విన్నది సరిగ్గా విన్నారు, రాసింది సరిగ్గా రాశారు, అదే కదా బాధ అనాలనిపించింది. తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి మీవి. దిగిపోతున్నాను."

ఓలుఫ్ వాటిని వెనక్కి తోశాడు. "ఉంచుకో. సూపు తిను, చల్లారిపోతుంది."

చెంచా ఎత్తేసరికి మేజర్ బెర్నర్ తంతి వచ్చింది. కాన్వాయ్ క్షేమం సంతోషకరం. కానీ రిపోర్టు అసంపూర్ణం. రెండు, మూడు నంబర్ల సంగతి సరే. గురువారం ఒకటో నంబరు ఎక్కడ? వెంటనే తెలుపు.

ఐవిన్ చెంచా పక్కన పెట్టి, చీఫ్ మేట్ తిరిగిచ్చిన పెన్ను తీశాడు. అది రాయదని గుర్తొచ్చి, ఓలుఫ్‌ని పెన్సిలు అడిగాడు. "ఒకటో నంబరు గురువారం నా ఎదురుగానే ఉంది. బఠాణీలు బాగా ఉడికాయి. ఉప్పు కొంచెం ఎక్కువ," అని రాశాడు. కాసేపు చూసి, చించేసి, ఇంకో కాగితం మీద "దర్యాప్తు కొనసాగుతోంది" అని రాసి పంపించి, సూపు తినడం మొదలుపెట్టాడు.